ముందు ఖాళీలు, తర్వాత వయసు: డెల్టాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ యూనియన్ కేసు

రిటైర్మెంటు వయసు 58 నుంచి 60కి పెంచమని యూనియన్ అడిగింది. యాజమాన్యం ఒక్కరోజు కూడా బేరమాడకుండా సరేనంది. సాధారణంగా ఇలాంటి వార్త వస్తే గేటు దగ్గర స్వీట్లు పంచుకుంటారు. ఇక్కడ మాత్రం వారం తిరక్కుండా యూనియన్ రెండుగా చీలింది. ఒకే కాంటీన్‌లో రెండు బల్లలు వేరయ్యాయి. చందా కట్టేది లేదని కొందరు సీజనల్ కార్మికులు రసీదు పుస్తకం తిప్పి పంపేశారు. ఆ దశలో నన్ను పిలిచారు.

నేను యూనియన్లకు కార్మిక చట్టాల మీద సలహా చెబుతాను, ఒప్పందాలు రాసిపెడతాను. ఈ కేసు గోదావరి డెల్టాలో, పడమర వైపు కాలవ గట్టు దగ్గరున్న ఒక చక్కెర ఫ్యాక్టరీది. ఫ్యాక్టరీ పేరు గానీ మనుషుల పేర్లు గానీ ఇవ్వడం లేదు. లెక్కలు చెప్పిన చోట ఎవరి జీతం స్లిప్పూ వాడలేదు, అర్థం కావడానికి వేసిన అంకెలవి. చట్టం మాత్రం అప్పుడు ఉన్నది ఉన్నట్టు, అంటే 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి రాకముందుది.

కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం తేలిక. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పీఆర్సీతో పాటు ఉద్యోగుల పదవీ విరమణ వయసును 60 నుంచి 62కి పెంచింది. అంతకు ముందు 2014 జూన్‌లో 58 నుంచి 60 అయింది. పక్క రాష్ట్రం తెలంగాణ 2021లో 58 నుంచి 61 చేసింది. ఫ్యాక్టరీలో మాత్రం స్టాండింగ్ ఆర్డర్ల (ఫ్యాక్టరీ సర్వీసు నిబంధనల) ప్రకారం 58 దగ్గరే ఆగిపోయింది. పక్కింట్లో ఉన్న టీచరు గారు 62 దాకా చేస్తుంటే, చెరుకు పిండే మిల్ హౌస్‌లో ఫిట్టర్ 58కే గేటు పాస్ అప్పగించి ఇంటికి రావాలి. ఇది కడుపుమంటే. అందులో అన్యాయమైన కోరిక ఏమీ లేదు.

పాతవాళ్లకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల వయసు 58 నుంచి 55కి తగ్గించింది. చదువుకున్న కుర్రాళ్లకు ఉద్యోగాలివ్వాలన్నది అప్పుడు చెప్పిన కారణం. నెలాఖరుకల్లా వేలమంది ఒక్కసారిగా ఇంటికి వెళ్లారు. 1985 జనవరిలో నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ఆ తగ్గింపు చెల్లుతుందంది. కానీ ప్రభుత్వం అప్పటికే 1984 ఆగస్టులో మళ్లీ 58 చేసేసింది. మధ్యలో పోయినవాళ్ల సంగతేమిటని ప్రభాకరరావు కేసు నడిచింది, వాళ్లకూ న్యాయం చేయమని అదే కోర్టు 1985లోనే చెప్పింది. వయసు అదే, రాష్ట్రం అదే. ఒకసారి కుర్రాళ్ల పేరుతో తగ్గింది, మరోసారి పెద్దవాళ్ల గోడు విని పెరిగింది. సీనియర్లలో కొందరి తండ్రులు ఆ దెబ్బ తిన్నవాళ్లే. అందుకే "కుర్రాళ్లకు అవకాశం" అన్న మాట వినగానే వాళ్లకు ఒళ్లు మండుతుంది.

ఫ్యాక్టరీలో ఎవరెవరున్నారు

ఈ గొడవ అర్థం కావాలంటే చక్కెర ఫ్యాక్టరీలో మనుషులు ఎన్ని రకాలో తెలియాలి. పర్మనెంటు వాళ్లకు పన్నెండు నెలలూ పని, జీతం. సీజనల్ వాళ్లకు క్రషింగ్ (చెరుకు ఆడించడం) జరిగినన్ని రోజులే పని. చెరుకు రావడం ఆగిపోయాక వాళ్లు ఇంటికి వెళ్లి, మళ్లీ సీజన్‌కు పిలుపు వచ్చేదాకా జీతంలో కొంత భాగం రిటెయినర్‌గా తీసుకుంటారు. మూడో రకం కాంట్రాక్టు వాళ్లు. కేన్ యార్డ్‌లో, బగాస్ (చెరుకు పిప్పి) దగ్గర, గోదాములో సంచులు మోసే, కుట్టే పనుల్లో ఉంటారు. యూనియన్ పుస్తకాల్లో వాళ్ల పేర్లే లేవు.

సీజనల్ కార్మికుడు పర్మనెంటు కావడానికి ఒకటే దారి. పైన ఎవరో రిటైర్ కావాలి, లేదా చనిపోవాలి. కొత్త పోస్టులు సృష్టించి ఏళ్లయింది. చెరుకు రసం కాచే బాయిలింగ్ హౌస్‌నే తీసుకోండి. షిఫ్టు చూసే ఛార్జ్‌హ్యాండ్ రిటైరైతే, పాన్‌లో పాకం వండే సీనియర్ పాన్‌మన్ ఆ కుర్చీలోకి వెళ్తాడు. పాన్‌మన్ ఖాళీలోకి అసిస్టెంటు వస్తాడు. అసిస్టెంటు ఖాళీలోకి సీజనల్ జాబితాలో మొదటి పేరు వస్తుంది. ఒక్క రిటైర్మెంటుతో ముగ్గురు కదులుతారు. అదే ఒక్క రిటైర్మెంటు ఆగితే ముగ్గురూ ఆగుతారు. ఆ ముగ్గురిలో చివరివాడు ఆగింది ప్రమోషన్ దగ్గర కాదు, ఏడాది పొడవునా దొరికే జీతం దగ్గర.

వయసు ఒకేసారి రెండేళ్లు పెంచితే ఏమవుతుంది? ఆ తర్వాత రెండేళ్లపాటు ఒక్కరు కూడా వయసు మీద రిటైర్ కారు. రాష్ట్ర ప్రభుత్వంలో 2022, 2023ల్లో జరిగింది అదే. ఎవరూ పోస్టులు తీసేయలేదు, ఎవరినీ ఆపమని జీవో ఇవ్వలేదు. ఖాళీలు వాటంతటవే ఆగాయి. ఈ కేసులో జూనియర్లు ఆ సంగతి తమ కళ్లతో చూశారు. వాళ్ల ఇళ్లలో గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు.

సీనియర్ల మాటలో నిజం

ముందు సీనియర్ల వైపు లెక్క చెబుతాను, ఎందుకంటే కుర్రాళ్లు దాన్ని అత్యాశగా కొట్టిపారేశారు. అది అత్యాశ కాదు.

ప్రైవేటు ఫ్యాక్టరీ కార్మికుడికి పింఛను అంటే ఈపీఎస్-95, పీఎఫ్‌తో పాటు వచ్చే 1995 నాటి పింఛను పథకం. పింఛను జీతాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగించాలి. ఇక్కడ జీతం అంటే చేతికొచ్చే జీతం కాదు. 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000 పరిమితి, అంతకు ముందు సర్వీసుకు 6,500 పరిమితి. ముప్పై ఏళ్లు మిల్లులో అరిగిపోయిన మనిషికి ఎలా లెక్కేసినా నెలకు నాలుగైదు వేలు వస్తే గొప్ప. ఇప్పుడు ముప్పై ఐదు వేల జీతం వస్తున్న ఇంటికి మరుసటి నెల నుంచి ఐదు వేలు వస్తే ఎలా? గ్రాట్యుటీ, పీఎఫ్ చేతికొచ్చినా అప్పటికే కూతురి పెళ్లి అప్పో, కొడుకు ఇంజనీరింగ్ ఫీజో వాటి కోసం కాచుకుని కూర్చుంటుంది.

ముప్పై ఐదు వేల జీతం అనుకుంటే రెండేళ్లకు 8,40,000. గ్రాట్యుటీలో నెల జీతాన్ని 26తో భాగించి 15 రోజుల చొప్పున లెక్క కడతారు. ముప్పై ఏళ్ల సర్వీసు ముప్పై రెండు అయితే ఇంకో నలభై వేలు కలుస్తాయి. పైగా 58 దాటిన మనిషి ఈపీఎస్ సభ్యుడు కాడు గనుక, ఉద్యోగంలో ఉండగానే పింఛను మొదలుపెట్టుకోవచ్చు. వద్దనుకుంటే 60 దాకా వాయిదా వేసి ఏడాదికి 4 శాతం పెంచుకోవచ్చు. ఆ మొదటి వీలే జూనియర్లను బాగా మండించింది. "జీతమూ వాళ్లకే, పింఛనూ వాళ్లకే" అని గేటు దగ్గర పోస్టరు వెలిసింది.

సీనియర్లందరూ ఒక్కమాట మీద లేరన్న సంగతి మాత్రం ఆ పోస్టరు రాసినవాళ్లకు తెలియదు. బాయిలింగ్ హౌస్‌లో, ల్యాబ్‌లో, ఆఫీసులో పనిచేసేవాళ్లు 60 కావాలన్నారు. మిల్ హౌస్‌లో రోలర్ల దగ్గర, కేన్ క్యారియర్ దగ్గర పనిచేసినవాళ్లలో చాలామంది విడిగా నాతో చెప్పింది వేరు. మోకాళ్లు పోయాయి, చెవులు మందగించాయి, యాభై ఎనిమిదికే వదిలేస్తే చాలన్నారు. జనరల్ బాడీలో మాత్రం అందరితో పాటు చెయ్యెత్తారు. తోటివాళ్ల ఎదుట నాకు ఓపిక లేదని ఎవరు చెప్పుకుంటారు?

జూనియర్ల లెక్క

సీజనల్ కార్మికుడి నష్టాన్ని చాలామంది గ్రాట్యుటీతో కొలుస్తారు. సీజనల్ సంస్థలో ఏడాది పొడవునా పనిలేని వాళ్లకు గ్రాట్యుటీ సీజన్‌కు 7 రోజుల జీతమే. పర్మనెంటుకు ఏడాదికి 15. అంటే ఒక్కో ఏడాది ఆలస్యానికి 8 రోజులు పోతాయి. ఇది పెద్ద మొత్తం కాదు. ఈపీఎస్‌లో సీజన్ సర్వీసును పూర్తి ఏడాదిగానే లెక్కిస్తారు కాబట్టి పింఛనులోనూ పెద్దగా పోదు.

అసలు పోయేది ఆఫ్ సీజన్ జీతం. నెలకు 15,600 వచ్చే మనిషికి సీజన్ ఐదు నెలలు నడిచిందనుకుందాం. మిగతా ఏడు నెలలకు పర్మనెంటు అయితే 1,09,200 వచ్చేది. రిటెయినర్ సగం ఇస్తారనుకున్నా ఏడాదికి 54,600 పోయినట్టే. రెండేళ్లు ఆగితే లక్ష దాటుతుంది. ఆ ఏడు నెలలూ అతను చేపల చెరువుల మీద కాపలాకో, ధాన్యం లోడింగుకో పోతాడు. చెరుకు విస్తీర్ణం తగ్గుతున్న కొద్దీ సీజన్ కూడా కుదించుకుపోతోంది, నష్టం ఇంకా పెరుగుతోంది.

"మీరూ ఒకరోజు సీనియర్లవుతారు, ఆ రెండేళ్లు మీకూ వస్తాయి" అన్నది యూనియన్ నాయకత్వం చెప్పిన జవాబు. లెక్క ప్రకారం అది నిజమే. కానీ నలభై ఏళ్ల సీజనల్ కార్మికుడికి ఆ రెండేళ్లు రావాలంటే ఫ్యాక్టరీ ఇంకో ఇరవై ఏళ్లు నడవాలి. తుమ్మపాల, చిత్తూరు సహకార ఫ్యాక్టరీలు ఎలా మూతపడ్డాయో చూసిన రాష్ట్రంలో, చుట్టూ చెరుకు తోటలు చెరువులవుతున్న ఊళ్లో ఆ హామీని ఎవరు నమ్ముతారు? ఒక సీజనల్ ఫిట్టర్ సమావేశంలో అన్న మాట ఇది: "పైన లాకులు దించేసి, కింద శివారోడికి తర్వాత నీళ్లొస్తాయంటే నమ్మమంటారేంటండీ?"

దీనికి తోడు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో సెక్షన్ 25-జి ఉండేది. మనుషులను తగ్గించాల్సి వస్తే చివర చేరినవాళ్లను ముందు తీయాలన్నది నియమం. మంచి నియమమే, యాజమాన్యం తనకు నచ్చనివాళ్లను ఏరిపారేయకుండా ఆపుతుంది. కానీ వయసు పెంపుతో కలిస్తే జూనియర్‌కు రెండు వైపులా దెబ్బ. లోపలికి రావడం ఆలస్యమవుతుంది, బయటికి పోవడం తనతోనే మొదలవుతుంది. ఈ పాయింటును సీనియర్లు అంతకు ముందు ఆలోచించలేదు. నేను చట్టం చదివి వినిపించినప్పుడు గదిలో కాసేపు ఎవరూ వాదించలేదు.

యాజమాన్యం అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుంది

నా అనుభవంలో యాజమాన్యం ఏ కోరికనైనా వెంటనే ఒప్పుకుంటే, దాని ఖరీదు ఇంకెవరి మీదో పడుతోందని అర్థం. ఇక్కడ మూడు లాభాలు కనిపించాయి. వరసగా రిటైర్ కావాల్సిన బ్యాచ్‌కు ఒకేసారి కట్టాల్సిన గ్రాట్యుటీ రెండేళ్లు వెనక్కి పోతుంది. నైపుణ్యం ఉన్న పాన్‌మన్ కొరత తీరుతుంది. పాన్‌లో పాకం ఎప్పుడు గింజ కడుతుందో గాజు పలక మీద చుక్క చూసి చెప్పగలిగే మనిషి ఐటీఐ నుంచి రాడు, మరో పాన్‌మన్ పక్కన ఏళ్లకేళ్లు నిలబడి తయారవుతాడు. మూడోది అన్నింటికన్నా పెద్దది. రెండేళ్లపాటు పర్మనెంటు ఖాళీలే లేకపోతే, ఆ తర్వాత "ఈ పోస్టులు అవసరం లేదు" అని కాంట్రాక్టుకు ఇచ్చేయడం తేలిక. పక్క జిల్లాలో నేను చూసిన ఇంకో ఫ్యాక్టరీలో సరిగ్గా అదే జరిగింది.

పాన్‌మన్ కొరత కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. సీజనల్ కుర్రాడిని పాన్ దగ్గర నిలబెట్టి నేర్పించే పనిని యాజమాన్యం ఏళ్ల తరబడి వదిలేసింది. తను నేర్పించని నైపుణ్యం కొరతను చూపించి పాతవాళ్లను ఉంచుతామంటే, కుర్రాళ్లకు కోపం రావడంలో తప్పేముంది?

ఓటు ఎవరిది

యూనియన్ కాగితాలు తిరగేస్తే కీలకమైన విషయం బయటపడింది. 60 కోరికను ఆమోదించిన జనరల్ బాడీ ఆగస్టులో జరిగింది. ఆగస్టులో క్రషింగ్ ఉండదు. సీజనల్ సభ్యులు ఊళ్లలో, చెరువుల మీద ఉన్నారు. నోటీసు గేటు బోర్డు మీద అంటించారు, గేటు దగ్గరికి రావాల్సిన అవసరం లేని మనుషులకు. కార్యవర్గంలో ఎక్కువమంది యాభై ఐదు దాటినవాళ్లు. వాళ్లు కుట్ర చేశారని నేను అనను, వాళ్లను ఏళ్లుగా ఎరుగుదును. కానీ తమకు నేరుగా డబ్బు వచ్చే విషయాన్ని, నష్టపోయేవాళ్లు లేని సమావేశంలో, తామే ప్రతిపాదించి తామే ఆమోదించారు. యూనియన్‌కు ఇంతకంటే ప్రమాదం లేదు.

అధ్యక్షుడు నాతో ఒక వాదన చేశారు. "మేమంతా ఒకేసారి వెళ్లిపోతే బేరమాడే మనిషి ఉండడండీ, యాజమాన్యం కుర్రాళ్లను మింగేస్తుంది." ఆ భయం నిజమే, కానీ దానికి 60 అక్కర్లేదు. అప్పటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ ప్రకారం, రిటైరైన కార్మికుడు యూనియన్ పదవిలో ఉండటానికి బయటి వ్యక్తి కిందికి రాడు. ఫ్యాక్టరీ వదిలినా అధ్యక్షుడిగా ఉండొచ్చు, బేరానికి కూర్చోవచ్చు. ఈ సంగతి విన్నాక ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ కారణం ఇక చెప్పను" అన్నారు. ఆ నిజాయితీ లేకపోతే ఈ కేసు ముందుకు కదిలేదే కాదు.

నేను రెండు షరతులు పెట్టాను. సీజన్ మొదలై సీజనల్ వాళ్లందరూ పనిలోకి వచ్చేదాకా యాజమాన్యంతో సంతకం పెట్టకూడదు. మళ్లీ జరిగే ఓటు రహస్య ఓటుగా ఉండాలి, 56 దాటిన కార్యవర్గ సభ్యులు ఈ అంశం మీద ప్రతిపాదించకూడదు. యాజమాన్యం మాత్రం సీజన్‌కు ముందే సంతకం కావాలని తొందరపెట్టింది. ఆలస్యం చేస్తే ప్రతిపాదన వెనక్కి తీసుకుంటామన్నారు. కార్యవర్గంలో టెన్షన్ మొదలైంది. తీసుకోరని నేను గట్టిగా చెప్పాను. వాళ్లకు ఎంత లాభమో అప్పటికే లెక్కేసి ఉన్నాం.

అప్పుడే అమెరికా పైలట్ల సంగతి కూడా కమిటీకి చెప్పాను. అక్కడ 1960 నుంచి ఎయిర్‌లైన్ పైలట్లకు 60 ఏళ్ల పరిమితి ఉండేది. పైలట్ల పెద్ద యూనియన్ ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ ఏళ్ల తరబడి దాన్ని సమర్థించి, 2007లో మాట మార్చుకుంది. ఆ ఏడాది డిసెంబరులో చట్టం 65 చేసింది. వేరే దేశం, వేరే జీతాలు. అయినా సీనియారిటీ జాబితా అక్కడా ఇక్కడా ఒకేలా పనిచేస్తుంది. పైన కెప్టెన్ దిగకపోతే కింద ఫస్ట్ ఆఫీసర్ ఎడమ సీటులోకి రాలేడు. తర్వాత 67 చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అదే యూనియన్ వ్యతిరేకించింది, 2024 చట్టంలో అది చేరలేదు. మన దగ్గరే కేరళలో 2022 అక్టోబరులో ప్రభుత్వ రంగ సంస్థల్లో 60 చేస్తూ ఉత్తర్వు ఇస్తే, అధికార పార్టీ యువజన సంఘమే అడ్డుపడింది, ప్రభుత్వం ఆపేసింది. మన కుర్రాళ్లు ద్రోహులేం కారని పెద్దవాళ్లకు చెప్పడానికి ఈ ఉదాహరణలు పనికొచ్చాయి.

పుట్టిన తేదీల జాబితా

వాదనలు ఆగాలంటే అందరి ముందూ ఒకే కాగితం ఉండాలి. పర్మనెంటు వాళ్లందరి పుట్టిన తేదీలు శాఖల వారీగా రాయించాం. 58 అయితే ఏ నెలలో ఎవరు వెళ్తారు, ఆ ఖాళీ ఎవరిని కదుపుతుంది, 60 అయితే ఎప్పుడు. ఎదురుగా సీజనల్ సీనియారిటీ జాబితా, వాళ్ల వయసులతో సహా. దాన్ని చూశాక సీనియర్లలో మార్పు మొదలైంది. సీజనల్ జాబితాలో మొదటి పేర్లు కుర్రాళ్లవి కావు. నలభై, నలభై ఐదు దాటినవాళ్లు. రెండేళ్లు ఆగితే వాళ్లలో కొందరు యాభైకి దగ్గరపడి పర్మనెంటు అవుతారు. అందరూ "కుర్రాళ్లు" అని పిలుస్తున్నవాళ్ల జుట్టు అప్పటికే నెరిసింది.

ఆ జాబితాలో తండ్రీకొడుకులు కూడా ఉన్నారు. తండ్రి బాయిలింగ్ హౌస్‌లో పర్మనెంటు, కొడుకు అదే శాఖలో సీజనల్. తండ్రి ఆగితే కొడుకు ఆగుతాడు. సమావేశంలో ఒకరు ఆ కొడుకును అడిగారు, "ఏరా, మీ నాన్న వెళ్లిపోవాలంటావా?" అతను తల దించుకోలేదు. "నాన్న ఉండాలండి. నా వెనకున్న పేర్లు కూడా కదలాలండి. రెండూ ఎలాగో మీరు చూడండి" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఒప్పందం తయారైంది.

ఈ పని చేసేటప్పుడు పుట్టిన తేదీల వివాదాలు కూడా పైకి లేచాయి. పాత రోజుల్లో చేరినవాళ్లకు స్కూలు సర్టిఫికెట్‌లో ఒక తేదీ, పీఎఫ్ కాగితాల్లో ఇంకోటి. వీటిని ఈ బేరంలో కలపకుండా పక్కన పెట్టించాను. కలిపితే ఏదీ తేలదు.

ఒప్పందంలో ఏం రాశాం

మొదటి అంశంగా ఖాళీలు రాశాం, వయసు కాదు. అప్పటికే ఖాళీగా ఉన్న పర్మనెంటు పోస్టులన్నీ సీజనల్ సీనియారిటీ జాబితా నుంచి నింపిన తర్వాతే వయసు పెంపు అమల్లోకి వస్తుంది. నింపకపోతే పెంపు లేదు. రెంటినీ ఒకే వాక్యంలో కట్టేయడం నా పట్టుదల. విడివిడి అంశాలుగా రాస్తే ఒకటి అమలై, రెండోది ఫైల్లో నిద్రపోతుంది. ఏ పోస్టులు, ఎన్ని, ఏ శాఖలో అన్నది అనుబంధంగా జతచేశాం, తర్వాత ఆ పోస్టులు లేవని అనడానికి వీల్లేకుండా.

రెండేళ్లూ ఒకేసారి పెంచలేదు. ఏడాదికి ఆరు నెలల చొప్పున నాలుగేళ్లలో 58 నుంచి 60. మొత్తం మీద ఆగే ఖాళీలు రెండు పద్ధతుల్లోనూ అన్నే. ఒకేసారి పెంచితే రెండేళ్లు జాబితా పూర్తిగా నిలిచిపోతుంది. మెట్లు మెట్లుగా పెంచితే నాలుగేళ్లపాటు సగం వేగంతోనైనా కదులుతూ ఉంటుంది. జాబితా కదులుతుంటే పోస్టులు బతికి ఉంటాయి, యాజమాన్యం వాటిని అవసరం లేనివిగా చూపించలేదు. దీనివల్ల మొదటి ఏడాది రిటైరయ్యే సీనియర్లకు ఆరు నెలలే దక్కింది. వాళ్లు బాగా నొచ్చుకున్నారు. ఆ నొప్పి న్యాయమైనదే, దానికి నా దగ్గర మందు లేదు.

58 దాటినవాళ్లు ఛార్జ్‌హ్యాండ్ కుర్చీ ఖాళీ చేయాలి. వాళ్ల జీతం తగ్గదు, కిందివాళ్ల ప్రమోషన్ ఆగదు. వాళ్ల పని పక్కన నిలబడి నేర్పించడం. ప్రతి పాన్‌మన్ పక్కనా ఇద్దరు సీజనల్ వాళ్లు శిక్షణకు ఉండాలని రాశాం. ఈ అంశం మీద సీనియర్లకు గౌరవం పోతుందన్న బాధ ఉండింది. ఒక పెద్దాయన లేచి, "నేర్పించేవాడికి ఎప్పుడూ కుర్చీ ఉంటుందండీ, నేను ఒప్పుకుంటున్నా" అనడంతో మిగతావాళ్లు మెత్తబడ్డారు.

58కే వెళ్లిపోవాలనుకునేవాళ్లకు వెళ్లే హక్కు ఉంచాం, రిటైర్మెంటుతో వచ్చేవన్నీ అప్పుడే చేతికిచ్చేలా. మిల్ హౌస్ వాళ్లు ఎక్కువమంది తర్వాత ఇదే ఎంచుకున్నారు. వైద్య పరీక్ష విషయంలో యాజమాన్యం కంపెనీ డాక్టరు మాటే చివరిదని పట్టుబట్టింది. మేం ప్రభుత్వ ఆసుపత్రి సర్జన్ కావాలన్నాం. బరువు పనికి పనికిరాడంటే తేలిక పని ఇవ్వాలి, ఇంటికి పంపకూడదు. దీనికి చాలాసేపు గింజుకున్నారు, చివరికి దిగొచ్చారు.

దీన్ని పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ 12(3) ఒప్పందంగా, కార్మిక శాఖ అధికారి ముందు రాజీ ప్రక్రియలోనే రాయించాలని నేను మొదటి నుంచీ చెబుతూ వచ్చాను. యాజమాన్యం అదే చట్టం 18(1) కింద విడిగా సంతకం పెట్టేసుకుందామంది. విడి ఒప్పందం సంతకం పెట్టినవాళ్లకే వర్తిస్తుంది. రాజీ అధికారి ముందు కుదిరింది ఫ్యాక్టరీలో అందరికీ, రేపు చేరేవాళ్లకు కూడా, వర్తిస్తుంది. జూనియర్లలో కొందరు అప్పటికే వేరే యూనియన్ వైపు చూస్తున్నారు. వాళ్లకు వర్తించని ఒప్పందం రాసి ఏం లాభం? స్టాండింగ్ ఆర్డర్లలో వయసు సవరణకు కూడా వేరుగా దరఖాస్తు వేయించాం.

తర్వాత జరిగింది

సీజన్ మొదలయ్యాక రహస్య ఓటు జరిగింది. ఒప్పందం నెగ్గింది, పెద్ద తేడాతో కాదు. వ్యతిరేకంగా పడిన ఓట్లు రెండు వైపుల నుంచీ వచ్చాయని నా అంచనా. పూర్తి రెండేళ్లు దక్కని సీనియర్లు కొందరు, అసలు పెంపే వద్దన్న సీజనల్ వాళ్లు కొందరు.

మొదటి విడత ఖాళీలు నింపారు. రెండో ఏడాది యాజమాన్యం వెనకాడింది. చెరుకు తగ్గింది, మార్కెట్ బాగోలేదు, వచ్చే సీజన్‌కు చూద్దాం అన్నారు. అదే సమయానికి రెండో మెట్టు వయసు పెంపు మాత్రం అమలు చేసేశారు. ఖాళీలు నింపకపోతే పెంపు చెల్లదన్న వాక్యం అప్పుడు అక్కరకొచ్చింది. ఒప్పందం ఉల్లంఘన మీద అదే చట్టం సెక్షన్ 29 కింద చర్య కోరుతూ కార్మిక శాఖకు నోటీసు ఇచ్చాం. ఇందులో నాకు సంతోషం కలిగించింది ఒకటుంది. ఆ నోటీసు మీద మొదటి సంతకాలు సీనియర్లవి. ఖాళీలు నింపకపోతే తమ అదనపు సర్వీసు కూడా ప్రశ్నార్థకమవుతుందని వాళ్లకు తెలుసు. స్వార్థంతో పెట్టిన సంతకమైనా నాకు చాలు. ఇద్దరి స్వార్థమూ ఒకే వాక్యానికి కట్టి ఉంటే యూనియన్ నిలుస్తుంది. రాజీ సమావేశంలో యాజమాన్యం దిగొచ్చి, చాలా పోస్టులు నింపింది. రెండు పోస్టుల మీద వివాదం ఇంకా నడుస్తోంది.

శిక్షణ అంశం అనుకున్నంత బాగా నడవలేదు. షిఫ్టులో మనిషి తక్కువైతే చాలు, నేర్చుకోవడానికి పాన్ దగ్గరుండాల్సిన సీజనల్ వాళ్లను ఇంకో పనికి లాగేస్తున్నారు. నెలనెలా సంతకాల రిజిస్టరు పెట్టమని అడుగుతున్నాం. సీనియర్ పాన్‌మన్ వెళ్లేలోపు ఇది గాడిలో పడకపోతే, వచ్చే బేరంలో యాజమాన్యం మళ్లీ అదే కొరత చూపిస్తుంది, ఈసారి 62 అంటుంది.

కాంటీన్ బల్లలు ఇంకా పూర్తిగా కలవలేదు. గేటు పోస్టరు రాసిన కుర్రాడు ఇప్పుడు కార్యవర్గంలో ఉన్నాడు, సీజనల్ వాళ్లకు రెండు స్థానాలు కేటాయిస్తూ బైలాస్ మార్చారు. జనరల్ బాడీ ఇకపై క్రషింగ్ జరిగే నెలల్లోనే పెట్టాలని కూడా రాసుకున్నారు. గోదాములో సంచులు కుట్టే ఆడవాళ్లు, కేన్ యార్డ్ కాంట్రాక్టు వాళ్లు మాత్రం ఈ ఒప్పందంలో ఎక్కడా లేరు. వాళ్లలో కొందరు సీజనల్ వాళ్లకంటే ఎక్కువ ఏళ్లుగా ఆ గేటు లోపలికి వస్తున్నారు. కాంట్రాక్టర్లు మారినా మనుషులు మారలేదనడానికి పీఎఫ్ రికార్డులు, హాజరు పుస్తకాల నకళ్లు సేకరించే పని ఆ కొత్త కార్యవర్గ సభ్యుడికే అప్పగించాం. వచ్చే కోర్కెల పత్రంలో అది మొదటి అంశం.